మిద్దె మీద దేశవాళీ చెర్రీ టమాటా: విత్తనం నుంచి మళ్లీ విత్తనం దాకా

చెర్రీ టమాటా గురించి అడిగేవాళ్ల ప్రశ్నలు ఎక్కువగా మూడే ఉంటాయి. మొక్క ఏపుగా పెరిగింది, పూత బాగా వచ్చింది, కానీ పిందె కట్టకుండా రాలిపోతోంది. నాటిన నెలకే ఆకులు ముడుచుకుపోయి మొక్క గిడసబారింది. పోయినేడు కాసిన కాయల్లోంచి విత్తనం తీసి వేస్తే ఈసారి ఒక్కో మొక్క ఒక్కో రకంగా కాసింది.

మొదటిదానికి కారణం కాలం, రెండోదానికి తెల్లదోమ, మూడోదానికి చాలాసార్లు హైబ్రిడ్ విత్తనం. ఈ మూడింటినీ నారు పోయకముందే చూసుకోవాలి. మొక్క పెద్దయ్యాక ఎన్ని కషాయాలు కొట్టినా పెద్దగా లాభం ఉండదు. అందుకే ఈ వ్యాసంలో సగం భాగం మొక్కను కుండీలో పెట్టకముందు చేయాల్సిన పని గురించే ఉంటుంది.

ఇక్కడ చెప్పింది మన ఎండలకు, మన మిద్దెలకు సరిపోయే పద్ధతి. పెరట్లో నేలమీద వేసుకునేవారికి తేడా ఉన్నచోట విడిగా చెప్పాను.

1. ముందు విత్తనం సంగతి తేల్చుకోండి

దేశవాళీ రకం అంటే దాని కాయలోని విత్తనం వేస్తే మళ్లీ అదే కాయ రావాలి. ప్యాకెట్ మీద ఎఫ్1 అని గానీ హైబ్రిడ్ అని గానీ ఉంటే, అంటే రెండు రకాల్ని కలిపి పుట్టించిన విత్తనమైతే, అది మన పనికి రాదు. సన్‌గోల్డ్ అనే నారింజ రంగు చెర్రీ రుచికి వంక పెట్టలేం. కానీ అది ఎఫ్1. దాని కాయలోంచి తీసిన విత్తనం వేస్తే తల్లి రుచి రాదు. సూపర్‌మార్కెట్లో ప్లాస్టిక్ డబ్బాల్లో అమ్మే చెర్రీలు కూడా ఎక్కువగా హైబ్రిడ్లే.

మొదటిసారి వేసేవారు ఈ రకాల్లోంచి ఒకటో రెండో ఎంచుకుంటే చాలు.

- చిట్టి టమాటా: మన ఊళ్లలో పెంటదిబ్బల పక్కన, పెరట్లో దానంతటదే మొలిచే చిన్న పుల్లటి రకం. పప్పులోకి, పచ్చడికి దీన్ని మించింది లేదు. ఎండను బాగా తట్టుకుంటుంది. ఊళ్లో ఎవరి పెరట్లో కనిపించినా నాలుగు పండ్లు అడిగి తెచ్చుకోండి.
- బ్లాక్ చెర్రీ: ఊదా, గోధుమ రంగులు కలిసిన పండు. రుచి చిక్కగా ఉంటుంది. తీగలా పొడుగ్గా సాగుతుంది.
- యెల్లో పియర్: బుడ్డి ఆకారంలో పసుపు కాయలు. విపరీతంగా కాస్తుంది, రుచి మాత్రం చప్పగా ఉంటుంది. పండు తొందరగా పగులుతుంది. పిల్లలకు చూడముచ్చటగా ఉంటుందని వేసుకోవచ్చు. ఒకే కుండీకి చోటుంటే నేనైతే దీన్ని వేయను.
- మ్యాట్స్ వైల్డ్ చెర్రీ: బఠాణీ గింజ కంటే కాస్త పెద్ద కాయలు. అడవి మొక్కలా అల్లుకుపోతుంది కాబట్టి పెరట్లో కంచె పక్కన బాగుంటుంది.

అమెరికా నుంచి వచ్చే బంధువుల చేత విత్తనాలు తెప్పించుకుందామని చాలామంది అనుకుంటారు. ఇతర దేశాల నుంచి విత్తనం తేవాలంటే దిగుమతి అనుమతి, మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం ఉండాలి. సూట్‌కేసులో దాచి తెస్తే కొత్త వైరస్‌నూ వెంట తెచ్చే ప్రమాదం ఉంది. ఇక్కడి విత్తన మేళాల్లో, మిద్దె తోటలవాళ్ల దగ్గర మంచి రకాలు దొరుకుతున్నాయి, అవి చాలు.

విత్తనం చేతికి రాగానే మొలక చూడండి. పది గింజలు తడి టిష్యూ కాగితంలో చుట్టి, మూత ఉన్న డబ్బాలో పెట్టి, వంటింట్లో ఉంచండి. వారం తిరిగేసరికి ఏడెనిమిది మొలిస్తే మంచి విత్తనం. నాలుగైదే మొలిస్తే ఒక్కో గుంతలో రెండేసి గింజలు వేయండి. అంతకంటే తక్కువైతే వేరే విత్తనం చూసుకోండి.

2. రాత్రి చలిని బట్టి వెనక్కి లెక్కపెట్టండి

టమాటా పూత నిలబడాలంటే రాత్రి చల్లగా ఉండాలి. రాత్రి 15 నుంచి 21 డిగ్రీల మధ్య ఉంటే పిందె చక్కగా కడుతుంది. పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రి కూడా 24 డిగ్రీలకు దిగకపోతే పుప్పొడి పనిచేయదు, పువ్వు కాడ దగ్గర పసుపురంగుకు తిరిగి రాలిపోతుంది. చెర్రీ రకాలు పెద్ద టమాటాల కంటే కాస్త ఎక్కువ ఓర్చుకుంటాయి. అయినా మే నెలలో కాయలు ఆశించకూడదు.

నారుకు 25 నుంచి 30 రోజులు, నాటాక పూతకు మరో 30 నుంచి 40 రోజులు పడుతుంది. అంటే విత్తనం వేసిన రెండు నెలలకు పూత మొదలవుతుంది. ఆ పూత నవంబరు, డిసెంబరు, జనవరి రాత్రుల్లో పడేలా చూసుకోవాలి.

- హైదరాబాద్, తెలంగాణ జిల్లాలు: ఆగస్టు రెండో వారం నుంచి సెప్టెంబరు ఆఖరు లోపు నారు పోయండి.
- కోస్తా: అక్టోబరు, నవంబరుల్లో తుపాన్లు, ముసుర్లు ఉంటాయి. సెప్టెంబరు ఆఖరు నుంచి అక్టోబరు మధ్య వరకు, వాన తగలని చోట నారు పోసి, నవంబరులో వాన తెరిపి చూసి నాటండి. విజయవాడ, కాకినాడల్లో చలికాలం పొట్టిది. ఇంకా ఆలస్యం చేస్తే కాపు సగమే దక్కుతుంది.
- రాయలసీమ: ఆగస్టు, సెప్టెంబరు అనుకూలం. మదనపల్లె చుట్టుపక్కల నేల ఎత్తుగా ఉండి చల్లగా ఉంటుంది కాబట్టి అక్కడ వేసవిలో కూడా టమాటా పండుతుంది, ఈ లెక్క కచ్చితంగా పాటించక్కర్లేదు.
- అరకు, పాడేరు వైపు: చలికి కొరత లేదు, ఇబ్బంది పొగమంచుతో. మొక్కల మధ్య దూరం పెంచండి, ఆకు తడవకుండా చూడండి.

డిసెంబరులో రెండో విడత నారు పోస్తే షేడ్‌నెట్ కింద మార్చి ఆఖరు, ఏప్రిల్ మొదలు దాకా కాయలు కోయొచ్చు.

అమెరికాలో చలి గట్టిగా ఉండే చోట్ల మనవాళ్లు ఇదే లెక్కను వసంతానికి మార్చుకోవాలి. మీ ఊళ్లో ఆఖరి మంచు పడే తేదీకి 6 నుంచి 8 వారాల ముందు ఇంట్లో నారు పోసి, మంచు భయం పోయాక బయట నాటండి.

3. కుండీ, మట్టి

చెర్రీ టమాటా కాయ చిన్నదే గానీ మొక్క చిన్నది కాదు. దేశవాళీ చెర్రీల్లో ఎక్కువ తీగ రకాలే, ఆరేడు అడుగులు సులువుగా దాటుతాయి. పాల ప్యాకెట్లలో, చిన్న పూలకుండీల్లో వేస్తే రోజుకు మూడుసార్లు నీళ్లు పోసినా మధ్యాహ్నానికి వాడిపోతుంది.

ఒక మొక్కకు కనీసం 20 లీటర్ల కుండీ కావాలి. ఖాళీ పెయింట్ బకెట్ సరిపోతుంది. 15 అంగుళాల వెడల్పు, 15 అంగుళాల ఎత్తు ఉన్న గ్రో బ్యాగ్ ఇంకా మంచిది. బకెట్ అడుగున వేలు పట్టేంత రంధ్రాలు ఐదారు పెట్టి, ఇటుక ముక్కల మీద నిలబెట్టండి. నల్ల బకెట్ అయితే బయటివైపు సున్నం వేయండి, వేరు ఉడికిపోకుండా ఉంటుంది.

తడిసిన గ్రో బ్యాగ్ దగ్గర దగ్గర 50 కిలోలు తూగుతుంది. వరుసగా పదిహేను బ్యాగులు స్లాబ్ మధ్యలో పెట్టకండి. పిట్టగోడ పక్కన, కింద గోడగానీ బీమ్‌గానీ ఉన్నచోట పెట్టండి. పాత ఇల్లయితే ముందు ఇంజినీరుకో అనుభవం ఉన్న మేస్త్రికో చూపించండి.

మట్టి మిశ్రమం పాళ్లు:

- ఎర్రమట్టి 4 తట్టలు ఉంటే
- బాగా చివికిన పశువుల ఎరువు లేదా వర్మీకంపోస్టు 3 తట్టలు
- కోకోపీట్ (కొబ్బరి పొట్టు) 3 తట్టలు
- ఒక్కో బ్యాగుకు వేపపిండి 150 గ్రాములు
- బ్యాగుకు గుప్పెడు ఎముకల పిండి. అది వాడనివారు కంపోస్టు కాస్త పెంచుకోవచ్చు.

కోకోపీట్ ఇటుకను నానబెట్టిన నీళ్లు పారబోసి, మళ్లీ రెండుసార్లు కడగండి. అందులో ఉప్పు ఉంటుంది, కడక్కపోతే లేత ఆకుల అంచులు మాడతాయి. పేడ ఎరువు చేతిలోకి తీసుకుంటే వాసన రాకూడదు, వేడి ఉండకూడదు. పచ్చి ఎరువు వేస్తే వేరు కాలుతుంది, వేరు పురుగు కూడా వస్తుంది.

మిశ్రమం కలిపి, తడిపి, రెండు వారాలు నీడలో వదిలేయండి. నారు పోసిన రెండు వారాలకు ఈ పని మొదలుపెడితే సమయం సరిగ్గా కుదురుతుంది. పోయినసారి టమాటా, వంకాయ, మిరప వేసిన మట్టిలో మళ్లీ టమాటా వేయొద్దు. అందులో ఈసారి ఆకుకూరలో, చిక్కుడో వేసుకోండి.

నేలమీద వేసేవారు అడుగున్నర వెడల్పు, అడుగు లోతు గుంత తీసి ఇదే మిశ్రమం నింపండి. నల్లరేగడి అయితే నేలకు జానెడు ఎత్తున మడి కట్టి నాటాలి, లేకపోతే వానకు వేరు కుళ్లుతుంది.

4. నారు: ఈ నెల రోజులే అన్నిటికీ కీలకం

ఆకుముడత వైరస్‌ను మోసుకొచ్చేది తెల్లదోమ. మొక్క ఎంత లేతగా ఉన్నప్పుడు వైరస్ సోకితే నష్టం అంత ఎక్కువ. నారుమడిలోనే సోకితే ఆ మొక్క నుంచి కాయ రాదనే అనుకోండి. నాటాక నెలకు కనిపించే ముడత చాలాసార్లు నారులోనే మొదలై ఉంటుంది. నర్సరీ నుంచి మొలకలు కొనడం కంటే ఇంట్లో నారు పోసుకోమని నేను గట్టిగా చెప్పేది ఇందుకే.

పోసే విధానం

ప్రోట్రేలో (చిన్న చిన్న గుంతలున్న నారు ట్రే) గానీ, అడుగున చిల్లులు పెట్టిన పేపర్ కప్పుల్లో గానీ పోయొచ్చు. కోకోపీట్, జల్లించిన వర్మీకంపోస్టు సమానంగా కలపండి. కిలో మిశ్రమానికి 10 గ్రాముల ట్రైకోడెర్మా (మేలు చేసే శిలీంధ్రం) పొడి కలిపితే నారుకుళ్లు చాలా వరకు ఆగుతుంది.

మిశ్రమం తడిసి ఉండాలి. గుప్పెట్లోకి తీసుకుని పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి, ధారగా కారకూడదు. అర సెంటీమీటరు లోతులో గింజ వేసి, పైన పల్చగా కప్పండి. మొలకలు కనిపించేదాకా ట్రే మీద తడి గోనెపట్టా గానీ పేపరుగానీ కప్పి ఉంచండి.

ఐదో రోజు నుంచి పొద్దునా సాయంత్రం పట్టా ఎత్తి చూడండి. మెడ వంచుకుని తెల్లటి మొలక పైకి రాగానే కప్పింది తీసేయాలి. ఒక్కరోజు ఆలస్యం చేసినా మొలకలు వెలుతురు కోసం పొడుగ్గా సాగి పడిపోతాయి.

దోమతెర

పట్టా తీసిన క్షణం నుంచే తెర ఉండాలి. మామూలు దోమతెర కన్నాల్లోంచి తెల్లదోమ దూరిపోతుంది. 40 నుంచి 50 మెష్, అంటే అంగుళానికి అన్ని కన్నాలు ఉన్న నైలాన్ తెర కావాలి. నాలుగు కర్రలు పాతి, తెరను గూడులా కట్టి, అంచుల మీద ఇసుక సంచులో ఇటుకలో పెట్టండి. నీళ్లు పోయడానికి ఒక వైపు ఎత్తితే పనవగానే వెంటనే మూసేయండి. పక్కన వంకాయ, బెండ, మందార ఉంటే తెల్లదోమ అక్కడే కాపురం పెడుతుంది. నారును వాటికి దూరంగా పెట్టాలి.

తెర బయట పసుపు జిగురు అట్ట ఒకటి వేలాడదీయండి. దానికి అంటుకున్న తెల్లటి చుక్కల్ని చూస్తే మీ మిద్దె మీద తెల్లదోమ ఎంత ఉందో తెలిసిపోతుంది.

వెలుతురు, నీళ్లు

మొలకెత్తిన రోజు నుంచే కనీసం ఐదారు గంటల పొద్దుటి ఎండ కావాలి. నీళ్లు ఉదయమే పోయాలి. సాయంత్రం ట్రే పైభాగం ఆరి ఉండాలి, రాత్రంతా తడిగా ఉంటే నారు మొదలు నల్లబడి వాలిపోతుంది. అలా వాలిన మొలకల్ని మట్టితో సహా తీసి పారేయండి.

అసలు ఆకులు రెండు వచ్చాక, అంటే మొదట వచ్చే నున్నటి జంట ఆకుల తర్వాత రంపపు అంచులతో వచ్చే ఆకులు, గుంతకు ఒక్క మొక్కే ఉంచి మిగతావి కత్తెరతో కత్తిరించండి. పీకితే పక్క మొక్క వేరు కదులుతుంది.

నాటే వారం ముందు నుంచి నీళ్లు కాస్త తగ్గించి, రోజురోజుకూ ఎక్కువసేపు ఎండలో ఉంచండి. తెర మాత్రం తీయొద్దు.

నాటడానికి సిద్ధమైన నారుకు గుర్తులు:

- వయసు 25 నుంచి 30 రోజులు
- ఎత్తు జానెడు లోపు, కాండం పెన్సిల్ కంటే కొంచెం సన్నం
- ఐదారు అసలు ఆకులు
- ట్రే నుంచి లాగితే వేర్లు మట్టిని పట్టుకుని గడ్డలా రావాలి
- ఒక్క ఆకు కూడా పైకి ముడుచుకుని ఉండకూడదు

చివరి గుర్తు దగ్గర మొహమాటం వద్దు. అనుమానం ఉన్న మొక్కను వదిలేయండి. అందుకే మీకు కావాల్సిన దానికి రెండింతల నారు పోయాలి.

5. నాటడం

సాయంత్రం నాటండి. కింది రెండు మూడు ఆకులు గిల్లేసి, ఆ గిల్లిన చోటు కూడా మట్టిలోకి పోయేంత లోతుగా పెట్టాలి. టమాటా కాండం మట్టి తగిలిన చోటల్లా వేరు వేస్తుంది, మొక్క బలం అక్కడి నుంచే వస్తుంది. నారు సాగిపోయి పొడుగ్గా ఉంటే కాండాన్ని వాలుగా పడుకోబెట్టి, తలమాత్రం పైకి ఉండేలా పూడ్చండి.

బ్యాగుకు ఒక్క మొక్కే. నేలమీద అయితే మొక్కకూ మొక్కకూ రెండున్నర అడుగులు వదలండి. ఊతకర్రను ఇప్పుడే పాతేయండి, తర్వాత పాతితే వేరు తెగుతుంది. నాటాక నీళ్లు నిండుగా పోసి, రెండు మూడు రోజులు మధ్యాహ్నపు ఎండ తగలకుండా పాత చీర ముక్క కట్టండి.

మొదటి మూడు వారాలు వీలైతే ఒక్కో మొక్కకూ అదే నైలాన్ తెరను గొట్టంలా చుట్టండి. ఇది కొంచెం శ్రమే. ముడత నుంచి కాపాడడానికి ఇంతకు మించిన ఉపాయం నేను చూడలేదు.

6. ఊతం, పిలకలు

తీగ రకానికి ఏడడుగుల వెదురు కర్ర గానీ, పైన కట్టిన తీగ నుంచి వేలాడే పురికొస గానీ కావాలి. పురికొస కింది ముడిని కాండం మొదట్లో వదులుగా కట్టి, మొక్క పెరిగేకొద్దీ దాని చుట్టూ తిప్పుతూ పోవాలి. వారానికి ఒకసారైనా చూసుకోకపోతే గుత్తుల బరువుకు కొమ్మ విరుగుతుంది.

ఆకు కాడకూ కాండానికీ మధ్య చంకలో పిలకలు వస్తాయి. మొదటి పూలగుత్తికి సరిగ్గా కింద వచ్చే పిలకను ఉంచుకుని, దానికింద ఉన్నవన్నీ వేలెడు పొడవు కాకముందే చేత్తో తుంచేయండి. అలా రెండు కొమ్మల మొక్క అవుతుంది. పైన వచ్చే పిలకల్లో కొన్నిటిని వదిలేయండి.

వీడియోల్లో చూసి అన్ని పిలకలూ తీసి ఒంటికొమ్మ చేసేవాళ్లున్నారు. చలిదేశాల్లో అది సరే. మన ఎండకు కాయల మీద ఆకు నీడ లేకపోతే కాయ ఒకవైపు తెల్లబడి తోలులా అవుతుంది.

నేలకు జానెడు ఎత్తులోపు ఉన్న ఆకుల్ని మాత్రం తీసేయాలి. మట్టిలోని తెగులు నీటి తుంపరతో ముందు వాటికే అంటుతుంది. తుంచే పని పొడి వాతావరణంలో, ఉదయం పూట చేయండి. పొగాకు, బీడీ, గుట్కా అలవాటున్నవారు చేతులు సబ్బుతో కడుక్కున్నాకే మొక్కను ముట్టుకోవాలి. వాటి ద్వారా కూడా టమాటాకు మొజాయిక్ వైరస్ రావచ్చు.

7. నీళ్లు

వేలు రెండు కణుపుల లోతు మట్టిలో గుచ్చండి. తడి తగిలితే ఆగండి, పొడిగా ఉంటే అడుగు రంధ్రాల నుంచి నీళ్లు కారేదాకా పోయండి. ఉదయం పూట, కాండం మొదట్లోనే, ఆకులు తడవకుండా.

మధ్యాహ్నం ఆకులు వేలాడినా సాయంత్రానికి లేచి నిలబడితే భయం లేదు. వేలాడగానే కంగారుగా నీళ్లు గుమ్మరిస్తే వేరు ఊపిరాడక చస్తుంది.

ఎండుటాకులు, వరిగడ్డి, కొబ్బరి పీచు ఏది దొరికితే అది రెండంగుళాల మందాన పరవండి. కాండానికి తగలకుండా నాలుగు వేళ్ల దూరం వదలండి. మట్టి ఒకరోజు ఎండి, మరుసటి రోజు చిత్తడి అయితేనే కాయలు పగులుతాయి. ఈ కప్పు ఆ ఎగుడుదిగుడు తగ్గిస్తుంది.

8. ఎరువు

మొదటి పూత దాకా మట్టిలో వేసిందే చాలు. ఆ తర్వాత పదిహేను రోజులకోసారి రెండు గుప్పెళ్ల వర్మీకంపోస్టు వేసి, పైపైన కదిపి నీళ్లు పోయండి.

మధ్యమధ్యలో జీవామృతం ఇవ్వొచ్చు. 20 లీటర్ల నీళ్లకు కిలో ఆవుపేడ, లీటరు గోమూత్రం, 200 గ్రాముల బెల్లం, 200 గ్రాముల శనగపిండి, గుప్పెడు గట్టు మట్టి కలిపి, నీడలో 48 గంటలు ఉంచి, రోజుకు రెండుసార్లు కర్రతో తిప్పాలి. వారంలోపు వాడేయండి. మిద్దె మీద బ్యాగులకైతే పదింతల నీళ్లు కలిపి, ఒక్కో మొక్కకు లీటరు పోస్తే చాలు.

మొక్క ముదురాకుపచ్చగా, కాండం లావుగా ఉండి పూత లేకపోతే నత్రజని ఎక్కువైందని అర్థం. అప్పుడు నెల రోజులు ఎరువు ఆపండి. జల్లించిన కట్టె బూడిద ఒక చెంచాడు మొక్క చుట్టూ చల్లితే పొటాష్ అందుతుంది. అంతకు మించి బూడిద వేయొద్దు, మట్టి క్షారం పెరిగి వేరే ఇబ్బందులు వస్తాయి.

9. పూత, పిందె

ఒక్కో టమాటా పువ్వులోనూ మగ, ఆడ భాగాలు రెండూ ఉంటాయి. పువ్వు కదిలితే పుప్పొడి లోపలే రాలి పిందె కడుతుంది. గాలి, తేనెటీగలు ఈ పని చేస్తాయి. పొట్ట మీద నీలి చారలున్న ఒక తేనెటీగ పువ్వును పట్టుకుని జుయ్‌మని ఊపేస్తుంది. అది మీ మిద్దె మీదకు వస్తుంటే మీరేమీ చేయక్కర్లేదు. తులసి, బంతి దగ్గర్లో ఉంటే వస్తుంది.

గాలాడని బాల్కనీలో, తెరలో ఉన్న మొక్కకు ఉదయం తొమ్మిది, పదకొండు మధ్య గుత్తి వెనుక వేలితో రెండుసార్లు తట్టండి. వాన, మబ్బు రోజుల్లో పుప్పొడి ముద్దకట్టి రాలదు, ఎండ వచ్చాక తట్టండి.

10. తేడా కనిపిస్తే

ఆకులు పైకి ముడుచుకుని, చిన్నవై, పసుపెక్కి, మొక్క గిడసబారితే: ఆకుముడత వైరస్. మందు లేదు. మొక్కను సంచిలో కప్పి, వేరుతో సహా తీసి తోట బయట పారేయండి. జాలిపడి ఉంచితే పక్కవాటికి అంటుతుంది. మిగిలిన వాటికి వారానికోసారి, సీసా మీద 1500 పీపీఎం అని ఉండే వేపనూనె 5 మిల్లీలీటర్లు, రెండు మూడు చుక్కల సబ్బు ద్రవం లీటరు నీటిలో కలిపి, సాయంత్రం ఆకు అడుగున తడిసేలా కొట్టండి.

కింది ఆకులు మాత్రమే గొట్టాల్లా చుట్టుకుని, రంగు పచ్చగానే ఉంటే: ఎండకో, నీళ్ల తేడాకో అలా అవుతుంది. వైరస్ అనుకుని పీకేయొద్దు. చిగురు చూడండి, చిగురు బాగుంటే మొక్క బాగున్నట్టే.

పచ్చగా ఉన్న మొక్క ఒక్కసారిగా వాడి, సాయంత్రానికీ లేవకపోతే: కాండం మొదట్లో అడ్డంగా కోసి, ఆ ముక్కను గ్లాసు నీళ్లలో నిలబెట్టండి. కాసేపటికి పాలలాంటి దారం కిందికి జారితే బాక్టీరియా వడలు తెగులు. ఆ మట్టిని ఇక టమాటా, వంకాయ, మిరప, బంగాళాదుంపకు వాడొద్దు. దారం రాకపోతే వేరు చూడండి. వేరు మీద ముడులు ముడులుగా బొడిపెలుంటే నులిపురుగులు. మట్టిని నల్ల ప్లాస్టిక్ మీద పరచి వేసవి ఎండకు బాగా ఎండబెట్టి, వేపపిండి కలిపి, ఒక కారు బంతి వేయండి.

కింది ఆకుల మీద వలయాలున్న గోధుమ మచ్చలు: ఆకుమాడు తెగులు. మచ్చ పడ్డ ఆకుల్ని తీసేసి, గాలాడేలా చేయండి. చాలావరకు అక్కడితో ఆగుతుంది.

కాయకు గుండ్రటి రంధ్రం: కాయతొలిచే పురుగు. ఉదయాన్నే వెతికి ఏరేయండి. నాలుగు మొక్కలకొక బంతి మొక్క పెడితే గుడ్లు అక్కడ పెడుతుంది. ఎక్కువగా ఉంటే బీటీ (పురుగును చంపే బాక్టీరియా) పొడిని ప్యాకెట్ మీద రాసిన మోతాదులో సాయంత్రం కొట్టండి.

ఆకుల మీద తెల్లటి పాముగీతలు: ఆకుతొలిచే పురుగు. నాలుగైదు ఆకులకే ఉంటే తుంచేయడం చాలు.

11. కోత

చెర్రీలు మొదటి గుత్తి రంగు తిరిగాక రెండు రోజులకోసారి కోయాలి. రుచి కోసం పండు మొత్తం రంగు తిరిగేదాకా ఆగండి. వాన వచ్చేలా ఉంటే సగం రంగు తిరిగినవి కూడా కోసేయండి, ఇంట్లో పండుతాయి. కాడతో కోస్తే పగలవు. ఫ్రిజ్‌లో పెడితే రుచి పోతుంది, గాలాడే బుట్టలో ఉంచండి.

12. విత్తనం కట్టుకోవడం

దేశవాళీ రకం వేశాక ఈ పని చేయకపోతే వచ్చే ఏడు మళ్లీ ప్యాకెట్ కోసం వెతుక్కోవాలి. మీ మిద్దె ఎండకు, మీ నీళ్లకు బాగా కాసిన మొక్క మీ దగ్గరే ఉంది. దాని విత్తనమే కావాలి.

మొక్కను ఎంచుకోండి. పెద్ద కాయ కోసం చూడకండి. ముడత లేకుండా, తెగుళ్లు తక్కువగా, కాపు ఎక్కువగా, రుచిగా ఉన్న మొక్కను జనవరిలోనే గుర్తుపెట్టుకుని ఎర్రదారం కట్టండి. వీలైతే రెండు మూడు మొక్కల నుంచి తీయండి. వైరస్ లక్షణం కనిపించిన మొక్క నుంచి ఎంత మంచి కాయ వచ్చినా తీయొద్దు.

పువ్వును చూడండి. పువ్వు మధ్యలో పసుపుపచ్చటి గొట్టం ఉంటుంది. దాని కొనలోంచి సన్నటి ఆకుపచ్చ సూది బయటికి పొడుచుకు వస్తోందా? రాకపోతే ఆ రకం తన పుప్పొడితోనే పిందె కడుతుంది, వేరే రకానికి పది అడుగుల దూరం ఉన్నా సాధారణంగా చాలు. సూది బయటికి ఉంటే, బఠాణీ గింజంత చిన్న రకాల్లో ఇది ఎక్కువ, తేనెటీగ పక్క రకం పుప్పొడి తెచ్చి అంటించే అవకాశం ఉంది.

గుత్తికి సంచి కట్టండి. పెళ్లిళ్లలో రిటర్న్ గిఫ్టులు పెట్టి ఇచ్చే పల్చటి జాలీ సంచులు దీనికి సరిగ్గా సరిపోతాయి. పూలు విచ్చకముందే మొగ్గల గుత్తికి సంచి తొడిగి, మూతి వదులుగా కట్టండి. రోజూ ఉదయం సంచి మీద తట్టండి. పిందెలు బఠాణీ గింజంత అయ్యాక సంచి తీసి, ఆ గుత్తికి రంగు దారం కట్టండి. ఇంట్లో ఎవరూ పొరపాటున కోయకుండా ముందే చెప్పి ఉంచండి.

పండనివ్వండి. తినడానికి కోసే దశ దాటి, పండు కాస్త మెత్తబడేదాకా చెట్టు మీదే ఉంచాలి.

పులియబెట్టండి. పండ్లను గాజు గ్లాసులోకి పిండి, రెండు చెంచాల నీళ్లు పోసి, పైన గుడ్డ కట్టి, నీడలో పెట్టండి. గింజ చుట్టూ ఉన్న జిగురు పోవడానికే ఇది. మన వేడికి ఒకటి రెండు రోజులు చాలు, చలిగా ఉంటే మూడు రోజులు. పైన తెల్లటి పొర కట్టి, పుల్లటి వాసన వస్తుంది. ఇంకా ఉంచితే గ్లాసులోనే మొలకలు వచ్చేస్తాయి.

కడగండి. గ్లాసు నిండా నీళ్లు పోసి కలిపి, అర నిమిషం ఆగండి. గట్టి గింజలు అడుగుకు దిగుతాయి, తాలు గింజలు, తొక్కలు పైన తేలుతాయి. పైది పారబోయండి. నీళ్లు తేటగా వచ్చేదాకా ఇలా నాలుగైదుసార్లు చేసి, టీ వడపోసే జల్లెడలో వడకట్టండి.

ఆరబెట్టండి. స్టీలు పళ్లెంలో గానీ పింగాణీ పళ్లెంలో గానీ పల్చగా పరచండి. కాగితం మీద వేస్తే అంటుకుని ఊడిరావు. ఫ్యాను కింద, నీడలో మూడు నాలుగు రోజులు, రోజుకు రెండుసార్లు వేళ్లతో విడదీస్తూ ఉండాలి. నేరుగా ఎండలో పెట్టొద్దు. గింజ విరిస్తే టక్కున విరగాలి, వంగితే ఇంకా తడి ఉన్నట్టు.

దాచండి. చిన్న కాగితం పొట్లంలో కట్టి, ఆ పొట్లాన్ని బిగుతు మూత ఉన్న గాజు సీసాలో పెట్టండి. సీసా అడుగున దోరగా వేయించి చల్లార్చిన బియ్యం రెండు చెంచాలు వేస్తే తేమ పీల్చుకుంటుంది. సిలికా జెల్ పొట్లం ఉంటే అదీ వేయొచ్చు. ఫ్రిజ్ తలుపు వైపు కాకుండా లోపలి అరలో పెడితే నాలుగైదేళ్లు మొలక బాగుంటుంది. తీసిన సీసాను గది వేడికి వచ్చాకే తెరవండి, లేకపోతే గింజల మీద చెమ్మ పడుతుంది.

పొట్లం మీద రాయాల్సినవి:

- రకం పేరు
- ఎవరి దగ్గర నుంచి వచ్చిన విత్తనం
- కోసిన నెల, సంవత్సరం
- సంచి కట్టిన గుత్తి నుంచి తీసిందా, లేదా
- ఆ మొక్క గురించి ఒక మాట: తొందరగా కాసిందా, ఎండకు నిలబడిందా, పచ్చడికి బాగుందా

అన్నీ ఒకే పొట్లంలో పెట్టకండి. సగం ఇంట్లో ఉంచి, సగం వేరే ఊళ్లో ఉన్న బంధువుకో, స్నేహితుడికో ఇవ్వండి. ఒకరి దగ్గర పంట పోయినా రెండోవారి దగ్గర రకం మిగిలి ఉంటుంది.